కణము మీది ఎంజైము – దానిని గుర్తించు ప్రతిరక్షకము

వైద్యశాలలో మన చేతికి వచ్చు కాగితములలో క్రొత్త పేర్లు నానాటికి పెరుగుచున్నవి. పూర్వము రక్తపరీక్ష యనగా ఎఱ్ఱకణములెన్ని, తెల్లకణములెన్ని, హిమోగ్లోబిన్ ఎంత అను మాటలతో ముగిసెడిది. నేడు పిల్లల రక్తవ్యాధులకు సంబంధించిన పరీక్షాపత్రములో "సి.డి. 10 పాజిటివ్, సి.డి. 19 పాజిటివ్, సి.డి. 3 నెగెటివ్" అని వరుసగా కానవచ్చును. ఆ పత్రము ఇంగ్లీషున నుండును. వైద్యుడు మనమున్న రాష్ట్రమును బట్టి తమిళమునో, కన్నడమునో, ఒడియానో, మరాఠీనో మాటలాడును. ఇంటికి వచ్చి అవ్వకు, తాతకు తెలుగున చెప్పవలసినపుడు మాటలు దొరకవు. మాటలు దొరకనిచోట భయము చేరును. ఆ లోటు కొంతయైనను తీర్పవలెనను తలంపుతో, అట్టి పరీక్షలలో నొక్కదానిని మాత్రము తీసికొని, మూలము మొదలుకొని ఫలితము వరకు ఈ వ్యాసమున వివరింపబూనితిమి.

మేమెన్నుకొన్నది సి.డి. 10 పరీక్ష. పిల్లలకు వచ్చు క్యాన్సర్లలో మిక్కిలి తరచుగా కనబడునది ల్యుకేమియా, అనగా రక్తపు క్యాన్సరు. అందును ఎక్కువగా వచ్చునది తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అను రకము. దానిని నిర్ణయించుటలో సి.డి. 10 ముఖ్యమైన గుర్తు. ఈ గుర్తు కణము పైపొరమీద నుండు ఒక ఎంజైము. దానిని పట్టి చూపునది ప్రయోగశాలలో తయారైన ప్రతిరక్షకము. చూచునది ఫ్లో సైటోమీటరు అను యంత్రము. ఈ మూడింటిని క్రమముగా తెలిసికొందము.

కణము – దాని పైపొర

మన శరీరమందలి ప్రతి కణమునకును పలుచని పైపొర కలదు. ఆ పొరయందు అనేక విధములైన మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, నాటుకొని యుండును. కొన్ని వెలుపలి నుండి వచ్చు రసాయనిక సందేశములను అందుకొనును. కొన్ని పొరుగు కణములను పట్టుకొనును. కొన్ని ఎంజైములై పనిచేయును.

ఒక వీధిలోని ఇండ్లన్నియు ఒకే తీరున కట్టబడియుండవచ్చును. గుమ్మము ప్రక్కన వ్రేలాడు పలకను బట్టియే ఇది వైద్యుని ఇల్లు, ఇది దర్జీ ఇల్లు అని తెలిసికొందుము. కణముల సంగతియు నట్టిదే. ఎముకలలోని మూలుగ రక్తకణములు పుట్టుచోటు. అచ్చటి లేత కణములను సూక్ష్మదర్శినితో చూచినపుడు వానిలో పెక్కు ఒకదానినొకటి పోలియుండును. రూపమును మాత్రము చూచి ఇది ఏ జాతి కణమో చెప్పుట అనుభవజ్ఞులకును కష్టమే. పైపొర మీది మాంసకృత్తులే వాని గుమ్మపు పలకలు.

ఈ పలకలను ఒక్కొక్క ప్రయోగశాల ఒక్కొక్క పేరుతో పిలుచుటచే మొదట గందరగోళ మేర్పడెను. 1982లో పారిస్ నగరమున శాస్త్రజ్ఞులు సమావేశమై వానికి వరుస సంఖ్యలు పెట్టు పద్ధతిని ప్రారంభించిరి. సి.డి. అను అక్షరముల తరువాతి అంకె ఆ వరుస సంఖ్యయే. కావున సి.డి. 10లోని పది అను అంకె వ్యాధి తీవ్రతను తెలుపునది కాదు. అది పలక యొక్క సంఖ్య మాత్రమే.

ఎంజైము చేయు పని

శరీరములో రసాయనిక మార్పులను త్వరపరచు మాంసకృత్తులను ఎంజైములందురు. నోటి లాలాజలమందలి ఎంజైము అన్నములోని పిండిపదార్థమును చక్కెరగా విడగొట్టునని పిల్లలు పాఠమున చదివియే యుందురు. సి.డి. 10 కూడ విడగొట్టునట్టి ఎంజైమే. అయితే దాని స్థానము జీర్ణకోశపు రసము కాదు. అది కణపు పైపొరలో నాటుకొని, కోయు భాగము వెలుపలికి తిరిగియుండునట్లు నిలుచును. ఆ కోయు భాగమునకు ఆయువుపట్టు ఒక జింకు పరమాణువు, అనగా మన తుత్తునాగము.

ఇది పెప్టైడులను, అనగా మాంసకృత్తుల చిన్న తునకలను కోయును. శరీరమున నొప్పి నుపశమింపజేయు ఎన్‌కెఫలినులును, రక్తనాళములను వెడల్పు చేయు బ్రాడికినినును అట్టి పెప్టైడులే. ఇవి ఒక కణమునుండి మరియొక కణమునకు పోవు సందేశముల వంటివి. సందేశము చేరిన పిమ్మట అది అట్లే నిలిచియున్నచో పని శ్రుతిమించును. బడిలో పాఠము ముగిసిన తరువాత నల్లబల్లను తుడిచివేసినట్లు, ఈ ఎంజైము పాత సందేశములను తుడిచివేయును. దీనికి నెప్రిలైసిన్ అని మరియొక పేరు. మూత్రపిండములలోని సన్నని గొట్టముల గోడలయందు ఇది సమృద్ధిగా కలదు, మెదడులోను కలదు. గుండె బలహీనతకు 2015 నుండి వాడుకలోనికి వచ్చిన సాకుబిట్రిల్ అను ఔషధము ఈ ఎంజైమునే అడ్డగించును. ఒకే ఎంజైము మూత్రపిండ శాస్త్రమునకును, హృదయ చికిత్సకును, పిల్లల ల్యుకేమియా పరీక్షకును చెందియుండుట గమనింపదగినది.

పేరు ముందు, పరిచయము తరువాత

ఈ పలక దొరికిన కథయందే ముఖ్యమైన పాఠమున్నది. 1975లో లండనునందు మెల్ గ్రీవ్స్ మొదలగువారు ల్యుకేమియా కణములను కుందేళ్లకెక్కించి, వాని రక్తమునుండి ఆ కణములను గుర్తించు ద్రవమును తయారుచేసిరి. ఆ ద్రవము పెక్కుమంది రోగులైన పిల్లల కణములను పట్టుకొనెను. అందుచే అది గుర్తించు వస్తువునకు "సామాన్య తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా ప్రతిజనకము" అను పొడవైన పేరు పెట్టిరి. ఇంగ్లీషు పొడి అక్షరములతో "కాల్లా" అని పిలిచిరి. 1980లో బోస్టనునందు జెరోమ్ రిట్జ్ మొదలగువారు అదే వస్తువును గుర్తించు శుద్ధమైన ప్రతిరక్షకమును తయారుచేసి, దానికి జె 5 అని పేరిడిరి.

పేరులోనే ల్యుకేమియా యున్నది. కాని క్రమముగా ఆరోగ్యవంతుల మూలుగలోని కొన్ని లేత కణములందును, మూత్రపిండమందును ఆ వస్తువు కనబడెను. పిమ్మట 1988, 1989 సంవత్సరములలో దాని జన్యువును చదివి చూడగా, మూత్రపిండ పరిశోధకులు అంతకు ముందే ఎరిగియున్న ఎంజైమును, ల్యుకేమియా పరిశోధకుల కాల్లాయును ఒక్కటేయని తేలెను. ఒకే మనిషి రెండూళ్లలో రెండు పేర్లతో తిరిగినట్లయ్యెను. అనగా అది వ్యాధి పెట్టిన గుర్తు కాదు. శరీరము తన పనికై పెట్టుకొన్న గుర్తు. వ్యాధికణము దానిని తన వెంట తెచ్చుకొన్నది. ఈ భేదమును తల్లిదండ్రులు మనసున నుంచుకొనవలెను. పరీక్షాపత్రమును అర్థము చేసికొనుటకు ఇదియే తాళపుచెవి.

ప్రతిరక్షకము

రోగక్రిమి శరీరములో ప్రవేశించినపుడు దానిని పట్టుకొనుటకు రక్తములో తయారగు మాంసకృత్తును ప్రతిరక్షకమందురు. అది పంగలకఱ్ఱ ఆకారమున నుండును. రెండు పంగల కొనలును ఒకే ఆకృతిగల వస్తువును మాత్రము పట్టుకొనును. తక్కినవానిని సామాన్యముగా విడిచిపెట్టును. ఆ గుణమునే శాస్త్రజ్ఞులు పనిముట్టుగా మలచుకొనిరి.

కుందేలు రక్తమునుండి తీసిన ద్రవములో పలువిధములైన ప్రతిరక్షకములు కలిసియుండును. ఒక కుందేలునుండి వచ్చినది మరియొకదానిని సరిగా పోలదు. ఈ చిక్కును 1975లో కేంబ్రిడ్జినందు జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ అను నిరువురు తీర్చిరి. ప్రతిరక్షకమును తయారుచేయు ఎలుక కణమును, అంతులేక పెరుగగల క్యాన్సరు కణముతో వారు ఏకము చేసిరి. ఆ జంటకణపు సంతతియంతయు ఒకే రకపు ప్రతిరక్షకమును ఎంతకాలమైనను ఇచ్చుచుండును. వారికి 1984లో నీల్స్ యెర్నెతో కలిపి నోబెల్ బహుమాన మీయబడెను. క్యాన్సరు కణమునకు గల పెరుగుదల గుణమునే క్యాన్సరును కనిపెట్టుటకు వినియోగించుట ఇందలి విశేషము.

ప్రతిరక్షకము కంటికి కనబడదు గనుక దానికి వెలుగునిచ్చు రంగును అతికింతురు. ఫ్లోరెసీన్ సంబంధమైన రంగు నీలికాంతి తగిలినపుడు పచ్చగా మెరయును. సముద్రపు ఎఱ్ఱ నాచునుండి లభించు ఫైకోఎరిత్రిన్ నారింజరంగున మెరయును. రంగు తొడిగిన ఈ ప్రతిరక్షకమును 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ చలువలో, వెలుతురు తగులకుండ దాచవలెను. గడ్డకట్టనీయరాదు.

యంత్రము

ఫ్లో సైటోమెట్రీ యనగా ప్రవహించు కణములను కొలుచుట. 1965లో అమెరికాలోని లాస్ అలమోస్‌నందు మాక్ ఫుల్విలర్ కణములను బిందువులలో నుంచి వేరుచేయు యంత్రమును ప్రకటించెను. 1969లో స్టాన్‌ఫర్డ్‌నందు లెనార్డ్ హెర్జెన్‌బర్గ్ బృందము మెరుపును బట్టి కణములను వేరుచేయు యంత్రమును ప్రకటించెను. నేటి యంత్రములు వాని సంతతివే.

గుడి ద్వారమున జనులు ఒక్కొక్కరుగా లోనికి పోవునట్లు, యంత్రమందలి సన్నని ప్రవాహములో కణములు ఒకదాని వెనుక ఒకటిగా సాగును. ప్రతికణము లేజరు కాంతికి ఎదురుగా వచ్చును. ముందుకు చెదరిన కాంతి కణపు పరిమాణమును, ప్రక్కకు చెదరిన కాంతి దాని లోపలి గరుకుదనమును సూచించును. ప్రతిరక్షకము అంటుకొని యున్నచో దాని రంగు మెరయును. మెరుపు హెచ్చినకొలది పలకలు హెచ్చుగా నున్నవని భావము. సెకనునకు వేలకొలది కణములు ఇట్లు పరీక్షింపబడును. ఒక్కసారియే పలు రంగుల ప్రతిరక్షకములను వాడి, ఒకే కణమును పలు ప్రశ్నలడుగవచ్చును.

పరీక్ష జరుగు విధము

తుంటి ఎముకనుండి తీసిన కొద్దిపాటి మూలుగను గాని, రక్తమును గాని గడ్డకట్టనీయని మందుగల గొట్టములో ప్రయోగశాలకు పంపుదురు. అచ్చట దానిలో ప్రతిరక్షకమును కొలత ప్రకారము చేర్చి, చీకటిలో పదునైదు, ఇరువది నిమిషములుంతురు. ఎఱ్ఱకణములను కరగించి, అంటుకొనని ప్రతిరక్షకమును కడిగివేసి, మిగిలిన కణములను యంత్రమునకిత్తురు. కొలత ముఖ్యము. ప్రతిరక్షకము ఎక్కువైనచో అంటుకొనరాని కణములకును అంటుకొనును. తక్కువైనచో ఉన్న పలకయు మసకగా కనబడును. అందుచే ప్రతి క్రొత్త సీసాను వాడుటకు ముందు తగిన కొలతను నిర్ణయింతురు. రంగు వేయని కణములను గూడ ప్రక్కన నుంచి పోల్చి చూతురు.

మూలుగ ఆలస్యముగా చేరినచో కణములు చచ్చును. చచ్చిన కణము జిగురుపూసిన గోడవంటిది; ఏ ప్రతిరక్షకము వచ్చినను అంటుకొనును. కావున చచ్చినవానిని వేరుగా చూపు రంగును వాడి, వానిని లెక్కనుండి తొలగింతురు. నమూనా ఆ దినముననే, లేదా మరునాటికి చేరవలెనని ప్రయోగశాలవారు పట్టుపట్టుట ఇందుకే.

ఫలితమును ఎట్లు చదువవలెను

ప్రతిరక్షకము అడుగు ప్రశ్న ఒక్కటే: "ఈ కణము మీద ఈ వస్తువున్నదా?" అంతకు మించిన సమాధానమును దానినుండి పిండరాదు. ఈ క్రింది నాలుగు సంగతులు గ్రహించినచో పరీక్షాపత్రము చూచి కలవరపడవలసిన యవసరము తగ్గును.

మొదటిది. ఎంజైము ఉన్నదని ప్రతిరక్షకము చెప్పును గాని, ఆ ఎంజైము పనిచేయుచున్నదో లేదో చెప్పదు. అది ఆకృతిని గుర్తించును, పనిని కొలువదు. పని కొలుచుటకు వేరు పరీక్షలు కావలెను. వ్యాధి నిర్ణయమునకు ఆకృతియే చాలును.

రెండవది. సి.డి. 10 ఉన్నంతమాత్రమున ల్యుకేమియా కాదు. ఆరోగ్యవంతమైన మూలుగలో బి లింఫోసైటులుగా మారబోవు లేత కణములు దీనిని ధరించును. ఇవి పెద్దలలోకంటె పిల్లలలో హెచ్చు. చికిత్స తరువాత మూలుగ తిరిగి చిగురించునపుడు ఇవి మరింత పెరుగుట కలదు. రక్తములోని ముదిరిన న్యూట్రోఫిల్ కణముల మీదను సి.డి. 10 కలదు. ఆరోగ్యకణములలో ఈ గుర్తు ఎదుగుదలను బట్టి మెట్లుమెట్లుగా మారుచుండును; వ్యాధికణములలో సామాన్యముగా ఆ క్రమము చెడి, గుంపంతయు ఒక్కచోటనే నిలిచిపోవును. నిపుణుని కన్ను వెదకునది ఆ తేడానే.

మూడవది. సి.డి. 10 లేనంతమాత్రమున వ్యాధి లేదని కాదు. ఏడాది నిండని శిశువులకు వచ్చు ల్యుకేమియాలో ఈ గుర్తు తరచుగా నుండదు. టి లింఫోసైటుల జాతికి చెందిన ల్యుకేమియాలోను పలుమారు ఉండదు. "నెగెటివ్" అను మాట ఇచ్చట శుభవార్తయు కాదు, అశుభవార్తయు కాదు.

నాల్గవది. శాతము దేనిలో శాతమో అడుగవలెను. "సి.డి. 10 – 85 శాతము" అని యున్నచో శరీరమందలి రక్తములో 85 పాళ్లు చెడినదని అర్థము కాదు. నిపుణుడు తెరమీద గిరిగీసి వేరుచేసిన కణముల గుంపులో నూటికి ఎనుబదియైదింటి మీద ఆ గుర్తున్నదని మాత్రమే భావము.

ఇందుచేతనే ఏ వైద్యుడును ఒక్క ప్రతిరక్షకముపై తీర్పు చెప్పడు. బి జాతిని తెలుపు సి.డి. 19, లేతదనమును తెలుపు సి.డి. 34, తెల్లకణములన్నింటికిని సామాన్యమైన సి.డి. 45 మున్నగువానిని కలిపి చూచును. సూక్ష్మదర్శినిలోని రూపమును, జన్యుపరీక్షలను జోడించును. పంచాయతీలో ఒక్క సాక్షి మాటతో తీర్పు చెప్పనట్లే యిదియు.

ఇదే యంత్రము చికిత్స మొదలైన సుమారు నెల తరువాత మరల పనికివచ్చును. పదివేల కణములలో ఒక్క వ్యాధికణము మిగిలియున్నను దీనిచే కనిపెట్టవచ్చును. ఆ లెక్కను బట్టి మున్ముందు మందు పెంచవలెనా, అవసరము లేదా యని నిర్ణయింతురు. చిగురించుచున్న ఆరోగ్యకణమును వ్యాధికణమని పొరబడినచో బిడ్డకు అనవసరముగా తీవ్రమైన మందులు పడును. వ్యాధికణమును ఆరోగ్యకణమని పొరబడినచో వ్యాధి తిరుగబెట్టును. ఒక పలకను సరిగా చదువుటపై ఒక బిడ్డ బ్రతుకు ఆధారపడు ఘట్టమిది.

చికిత్స – ఒక తెలుగువాని భాగము

1940 ప్రాంతమున ఈ వ్యాధి సోకిన బిడ్డలు కొలది మాసములకే మరణించుచుండిరి. 1948లో బోస్టనునందు సిడ్నీ ఫార్బర్ పదునారుగురు పిల్లలకు అమినాప్టెరిన్ అను మందిచ్చి, పదిమందిలో గుణము కనబడెనని ప్రకటించెను. ఆ గుణము తాత్కాలికమే. అయినను మందుతో ల్యుకేమియా తగ్గునని తేలినది అపుడే. ఆ మందు తయారైనది ఎల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యమున పనిచేయుచున్న లెడర్లే ప్రయోగశాలలో. 1895లో భీమవరమున జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికాకు పోయిన ఆ మహనీయుడు 1948 ఆగస్టులోనే దివంగతుడయ్యెను. అదే కుటుంబమునకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని ఈ వ్యాధి చికిత్సలో వాడబడుచున్నది. నేడు సంపన్న దేశములలో ఈ వ్యాధి వచ్చిన పిల్లలలో నూటికి సుమారు తొంబదిమంది బ్రతుకుచున్నారు. మన దేశమున ఆ పాలు తక్కువ. మధ్యలో చికిత్స మానివేయుట అందులకు ముఖ్య కారణములలో నొకటి.

తల్లిదండ్రులకు

పిల్లలకు జ్వరము వచ్చుట, పాలిపోవుట, కాళ్లు నొప్పులనుట సామాన్యము. వానికి కారణము చాలవరకు చిన్నదే యగును. కాని జ్వరము విడువకున్నను, పాలిపోవుట నానాటికి హెచ్చినను, దెబ్బ తగులకయే చర్మముపై నల్లని కమిలిన మచ్చలు కనబడినను, ఎముకల నొప్పితో బిడ్డ నడువలేకున్నను, మెడలో బిళ్లలు కట్టినను వెంటనే వైద్యునికి చూపవలెను. వైద్యుని సలహా లేక అంగడిలో కొన్న స్టెరాయిడ్ మాత్రలు ఎన్నటికిని ఇయ్యరాదు. అవి వ్యాధికణములను కొంతకాలము అణచి, పరీక్షకు అందకుండ చేయును. వ్యాధి మాత్రము నిలిచియుండును.

పరీక్షాపత్రము చేతికి వచ్చినపుడు వైద్యుని మూడు ప్రశ్నలు అడుగుడు: ఈ కణములు ఏ జాతివి? ఈ నిర్ణయమునకు ఏయే గుర్తులు కలిసినవి? తరువాతి పరీక్ష ఎప్పుడు? సమాధానములను తెలుగున వ్రాసికొని ఇంటివారికి చదివి వినిపింపుడు. పత్రముల నకళ్లను భద్రపరచుడు. చికిత్స రెండు మూడేండ్లు సాగును. బిడ్డ కోలుకొన్నట్లు కనబడినను మధ్యలో మానరాదు.

చివరకు మరియొక మాట. ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. ఒకరి ప్రక్కన కూర్చున్నందున, ఒకే పాత్రలో తిన్నందున రాదు. చికిత్స పొందుచున్న బిడ్డకు మన జలుబు, తట్టు, పొంగు సోకకుండ మనమే జాగ్రత్తపడవలెను. జుట్టు రాలి, బక్కచిక్కి బడికి తిరిగివచ్చిన బిడ్డను తోడిపిల్లలు ఎట్లు చేర్చుకొందురో అది ఇంటిలో పెద్దలు చెప్పిన మాటను బట్టి యుండును. ఆ మాట సరియైనదిగా నుండుటకు ఈ పాఠము కొంత తోడ్పడినచో మా శ్రమ సార్థకమగును.